అడవి జంతువా, మంద పశువా? అమెరికా బైసన్ మీద పాఠకుల ప్రశ్నలు

పశువైద్యులు, వన్యప్రాణి నిపుణులు కలిసి జవాబులిచ్చే శీర్షిక ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి ఈసారి అమెరికా బైసన్ గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు అక్కడ చదువుకుంటున్న తల్లిదండ్రులు, పాడి రైతులు, విద్యార్థులు రాశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

మా అబ్బాయి మోంటానాలో చదువుతున్నాడు. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బైసన్ ఫొటో పంపాడు. ఇంట్లో ఒకరు గేదె అంటున్నారు, ఇంకొకరు మన అడవిదున్నే అంటున్నారు. ఏది నిజం? – ఒక పాఠకురాలు, పలాస

రెండూ కాదమ్మా. గేదెకూ దానికీ చుట్టరికం చాలా దూరం. అమెరికాలో జనం దాన్ని ‘బఫెలో’ అని పిలవడం వల్లే ఇంత గందరగోళం. రక్తసంబంధంలో బైసన్ ఆవుకు దగ్గర. మన అడవిదున్న కూడా ఆవు వైపుదే. కాకపోతే అది వేరే జాతి.

ఫొటోలో మూపురం చూడండి. బైసన్‌కు భుజాల మీద వెన్నుపూసల ముళ్లు బాగా పొడుగ్గా పెరిగి, వాటిని పట్టుకుని దిట్టమైన కండ ఉంటుంది. అందుకే ముందు భాగం కొండలా లేచి, వెనక భాగం సన్నగా కనిపిస్తుంది. ఆ కండ బలంతోనే తలను అటూ ఇటూ ఊపి, రెండు మూడు అడుగుల మంచును పక్కకు నెట్టి అడుగున ఉన్న గడ్డి మేస్తుంది. తల, మెడ, ముందుకాళ్ల మీద జడలు కట్టిన ఉన్ని, దవడ కింద గెడ్డం ఉంటాయి. అడవిదున్నకు గట్టు వీపు సగం దాకా సాగి అక్కడ తెగినట్టు దిగిపోతుంది, ఒళ్లు నున్నగా మెరుస్తుంది, మోకాళ్ల నుంచి కిందకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. విశాఖ జూలో అడవిదున్నలున్నాయి. ఫొటో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూస్తే ఇక అనుమానం ఉండదు. మరో గుర్తు, ఆవుకు 13 జతల పక్కటెముకలుంటే బైసన్‌కు 14 జతలు.

పోతు 900 కిలోల దాకా, ఆడది 450 కిలోల దాకా తూగుతాయి. మీ అబ్బాయి వేసవి మొదట్లో తీసిన ఫొటో అయితే ఉన్ని పేలికలు పేలికలుగా వేలాడుతూ ఉంటుంది. చాలామంది జబ్బు పశువేమో అనుకుంటారు. జబ్బేమీ లేదు, చలికాలం బొచ్చు రాల్చుకుంటోందంతే.

బైసన్ వీర్యం తెప్పించి ముర్రా గేదెలకు వేయిస్తే మొండి దూడలు పుడతాయని, రోగాలు రావని ఒక వీడియోలో చెప్పారు. నమ్మొచ్చా? – పాడి రైతు, చీపురుపల్లి

నమ్మకండి. ముర్రా గేదెకు క్రోమోజోములు 50, బైసన్‌కు 60. వాటి మధ్య చూలు కట్టదు. ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

ఆవుతో అయితే కలుస్తుంది, కానీ తేలిగ్గా కాదు. బైసన్ పోతుతో చూడి కట్టిన ఆవుల్లో గర్భంలో నీరు విపరీతంగా చేరి, దూడ చనిపోవడం, ఒక్కోసారి తల్లే చనిపోవడం ఎక్కువగా జరిగేది. పుట్టిన మొదటి తరం మగదూడలు గొడ్డుపోతాయి. టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి 19వ శతాబ్దం చివర్లో ఈ సంకరానికి పూనుకున్నాడు. కెనడా ప్రభుత్వం కొన్ని దశాబ్దాలు ప్రయత్నించి 1964లో వదిలేసింది. ఇప్పుడు ‘బీఫాలో’ పేరుతో ఉన్న పశువులో బైసన్ వాటా లెక్క ప్రకారం ఎనిమిదింట మూడు వంతులు, మిగతాదంతా ఆవే. అదీ మాంసం కోసం. బైసన్ పాలు దాని దూడకు సరిపోయేంతే.

ఆ ప్రయోగాల చెరుపు నేటికీ ఉంది. అమెరికాలోని బైసన్ మందల్లో కొద్దో గొప్పో ఆవు జన్యువులు కలిసిపోయాయి. చూపుకు తెలియదు, పరీక్షలో బయటపడుతుంది. ఒకసారి కలిపాక విడదీయడం ఎవరివల్లా కావడం లేదు.

మీ గేదెలకు మంచి ముర్రా వీర్యమే వేయించండి. గేదెలో ఎద మూగగా ఉంటుంది, ఎండాకాలం రాత్రిపూటే బయటపడుతుంది. తెల్లవారుజామున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి సాలలోకి వెళ్లి తీగలు, మాటిమాటికీ మూత్రం, వాచిన మానం ఉన్నాయేమో చూడండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించండి. వేరే జాతి వీర్యం కోసం వెతకడం కన్నా ఈ వేళలు పట్టుకోవడంలోనే మీకు లాభం ఉంది.

కోట్లలో ఉన్న బైసన్లు అన్నీ అంత త్వరగా ఎలా పోయాయి? – డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

తెల్లవాళ్లు రాకముందు 3 నుంచి 6 కోట్లు ఉండేవని అంచనా. 1889లో విలియం హార్నడే అనే జంతుశాస్త్రజ్ఞుడు లెక్క కట్టేసరికి ఉత్తర అమెరికా మొత్తం మీద మిగిలినవి దాదాపు 1,100.

ఆవులు, గుర్రాలు మేతకు పోటీ రావడం, కరువులు, ఉన్నితో కూడిన తోళ్ల వ్యాపారం వల్ల సంఖ్య అప్పటికే తగ్గుతూ వచ్చింది. అసలు దెబ్బ 1871 ప్రాంతంలో పడింది. బైసన్ పచ్చితోలును గట్టి తోలుగా పదును చేసే పద్ధతి అప్పుడే కుదిరింది. ఫ్యాక్టరీ యంత్రాలు తిప్పే పట్టీలకు ఆ తోలు కావాలి. రైలు అప్పటికే కాన్సస్ మైదానాల్లోకి వచ్చేసింది కాబట్టి తోళ్లు ఎత్తి పంపడం సులువు. వేటగాడు దూరం నుంచి ముందుగా మందను నడిపించే ఆడదాన్ని పడగొట్టేవాడు. మిగతావి పారిపోకుండా దాని చుట్టూ తారట్లాడేవి, ఒక్కొక్కటిగా కూలేవి. తోలు ఒలిచి మాంసం అక్కడే వదిలేసేవారు. తర్వాత ఎముకలు ఏరి ఎరువులకు, చక్కెర తెల్లబరిచే బొగ్గుకు అమ్ముకున్నారు. 1870ల చివరికి దక్షిణ మంద, 1883కి ఉత్తర మంద అయిపోయాయి. మైదానాల్లోని స్థానిక అమెరికన్ తెగలకు తిండి, గుడారం, దుప్పటి అన్నీ బైసనే. అది పోతే వాళ్లు లొంగక తప్పదని తెలిసే సైన్యాధికారులు చూస్తూ ఊరుకున్నారు.

మిగిలినవాటిని కాపాడింది ముందుగా ప్రభుత్వం కాదు, కొందరు మనుషులు. గుడ్‌నైట్ భార్య మేరీ ఆన్ పట్టుబట్టడంతో టెక్సాస్‌లో కొన్ని దూడలు బతికాయి. మోంటానాలో మిషెల్ పాబ్లో, చార్లెస్ అలార్డ్ పెంచిన మంద అన్నిటికన్నా పెద్దది. దాన్ని కొనడానికి అమెరికా ప్రభుత్వం ముందుకు రాకపోతే, 1907 నుంచి దాదాపు 700 బైసన్లను కెనడా కొనుక్కుంది. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 1902 నాటికి రెండు డజన్ల లోపే మిగిలాయి. ఆ ఏడాది టెక్సాస్, మోంటానా మందల నుంచి 21 తెచ్చి పెంచారు. 1907లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ నుంచి 15 బైసన్లను రైలెక్కించి ఓక్లహోమాకు పంపారు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. జులై చివర్లో ఎల్లోస్టోన్ చూపిస్తామంటున్నారు. బైసన్ సాధువేనా? ఎంత దగ్గరికి వెళ్లొచ్చు? – దంపతులు, టెక్కలి

మీరు వెళ్లేది సరిగ్గా వాటి ఎద కాలంలో. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా పోతులు ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి, వాటి రంకె చాలా దూరం వినిపిస్తుంది. చూడటానికి అంతకు మించిన సమయం లేదు, జాగ్రత్తగా ఉండాల్సిందీ అప్పుడే. ఆ పార్కులో ఎలుగుబంట్ల కన్నా బైసన్ల చేతిలో గాయపడినవాళ్లే ఎక్కువ.

నిబంధన ప్రకారం 25 గజాలు, అంటే 23 మీటర్లు దూరంగా ఉండాలి. రెండు ఆర్టీసీ బస్సులు వరసగా పెట్టినంత పొడవు. అది కనీస దూరం. ఎద కాలంలో అంతకు రెట్టింపు ఉంచుకోండి. బైసన్ గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుంది, నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుంది. మేస్తున్నదాన్ని చూసి నింపాదిగా ఉందనుకోకండి.

తోక చూస్తూ ఉండండి. కిందకు వేలాడుతూ ఈగలు తోలుకుంటుంటే ఫరవాలేదు. తోక పైకి లేచి కొంకిలా వంగిందంటే పరుగుకు సిద్ధంగా ఉన్నట్టే. తల ఊపడం, గిట్టతో నేల గీరడం, బుస కొట్టడం కూడా హెచ్చరికలే. అప్పుడు ఫోను దించి, వెనక్కి తగ్గి, కారుకో చెట్టుకో అవతలికి వెళ్లిపోండి. మీద మీదకు వస్తుంటే నిలబడి బెదిరించాలని చూడకండి.

రోడ్డు మీద మంద అడ్డం వస్తే అద్దాలు ఎత్తుకుని కారులోనే కూర్చోండి. గంట పట్టినా హారన్ కొట్టొద్దు, మధ్యలోంచి దూరొద్దు. ఎర్రటి దూడలు ముద్దొస్తాయి, ముట్టుకోకండి. 2016లో కొందరు ఒక దూడ చలికి వణుకుతోందనుకుని కారులో ఎక్కించుకొచ్చారు. దాన్ని మళ్లీ మందలో కలపాలని చూస్తే మంద చేర్చుకోలేదు. చివరికి దాన్ని చంపేయాల్సి వచ్చింది.

లామార్ లోయ, హేడెన్ లోయల్లో మందలుంటాయి. తెల్లవారగానే వెళ్లండి, దుర్భిణి తీసుకెళ్లండి.

2007 నుంచి ఒడిశా ఏనుగులు మా వైపు దిగి పంటలు తొక్కుతున్నాయి. వాటిని తరమడానికే తిప్పలు పడుతున్నాం తప్ప కాల్చలేం. అమెరికాలో మాత్రం 2016లో జాతీయ జంతువుగా ప్రకటించిన బైసన్‌ను పార్కు దాటితే చంపుతారని చదివాను. ఎందుకు? – ఉపాధ్యాయుడు, కొత్తూరు

జాతీయ క్షీరదంగా ప్రకటించడం గౌరవమే గానీ, దానివల్ల చట్టపరమైన రక్షణ ఏమీ రాలేదు. చిక్కంతా చట్టం దాన్ని ఏ జంతువుగా చూస్తుందన్న దగ్గరే ఉంది. పార్కు లోపల అది వన్యప్రాణి. మోంటానా రాష్ట్రంలోకి అడుగుపెడితే దాని మీద పశుసంవర్ధక శాఖకు అధికారం వస్తుంది.

ఎల్లోస్టోన్ 22 లక్షల ఎకరాల పైనే ఉన్నా, అందులో ఎక్కువ ఎత్తైన పీఠభూమి. చలికాలం మంచు గట్టిపడితే గడ్డి అందదు. ఉత్తరాన గార్డినర్ వైపు, పడమట పల్లపు లోయల్లోకి బైసన్లు దిగుతాయి. ఆ పల్లాల్లో పశువుల ఆసాములుంటారు. వాళ్ల భయం బ్రూసెల్లోసిస్. చూడి పశువులు నెలలు నిండకుండానే ఈసుకుపోయే రోగం ఇది. ఎల్లోస్టోన్ బైసన్లలో దాన్ని మొదట గుర్తించింది 1917లో. అది వాటికి ఆవుల నుంచే అంటుకుంది. నేడు పెద్ద ఆడ బైసన్లలో దాదాపు 60 శాతం రక్తపరీక్షలో పాజిటివ్ వస్తాయి. వాటన్నిటికీ రోగం ఉందని కాదు, ఎప్పుడో సోకిన ఆనవాలు అది.

అయినా బయట తిరిగే బైసన్ నుంచి ఆవుకు ఈ రోగం అంటినట్టు నిరూపణ అయిన కేసు లేదు. అంటించింది ఎల్క్ అనే పెద్ద దుప్పులు. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీలు 2017లో ఇచ్చిన నివేదిక ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఎల్క్‌లు కంచెలు దాటి ఎక్కడికైనా తిరుగుతాయి, వాటికి వన్యప్రాణి హోదా అలాగే ఉంటుంది. బైసన్ దాటితే పట్టుకుని వధశాలకు పంపడమో, వేటకు వదలడమో జరుగుతుంది. మా దృష్టిలో ఇది అన్యాయం. రోగం ఒకటే అయినప్పుడు రెండు జంతువులకు రెండు న్యాయాలు ఉండకూడదు. రైతు భయాన్ని కొట్టిపారేయమని కాదు. బైసన్లు కాన్పయ్యే ఏప్రిల్, మే నెలల్లో ఆవులను ఆ మేత భూముల్లోకి తోలకుండా, కొన్ని వారాలు ఎడం ఉంచితే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఈసుకుపోయిన పిండంలో, మాయలో ఉన్న క్రిములు ఎండకు చస్తాయి, మిగిలినదాన్ని నక్కలూ పక్షులూ తినేస్తాయి.

రాష్ట్రం, పార్కు, కేంద్ర శాఖల మధ్య 2000లో ఒప్పందం కుదిరింది. 2022–23 చలికాలం మంచు భారీగా పడి మందలు బయటికి రావడంతో 1,500కు పైగా బైసన్లను తగ్గించారు. అందులో ఎక్కువ భాగం పాత ఒప్పందాల ప్రకారం హక్కులున్న తెగల వేటకు పోయాయి. 2024లో పార్కు మందను 3,500–6,000 మధ్య ఉంచుతామని కొత్త ప్రణాళిక ఇచ్చింది. మోంటానా ఒప్పుకోక కోర్టుకు వెళ్లింది.

చంపడానికి బదులు ఇంకో దారి నడుస్తోంది. పట్టుకున్నవాటిని విడిగా ఉంచి, పదేపదే రక్తపరీక్షలు చేసి, రోగం లేదని తేలాక తెగల భూములకు పంపుతున్నారు. 2019 నుంచి ఇవి మోంటానాలోని ఫోర్ట్ పెక్ రిజర్వేషన్‌కు (తెగలకు కేటాయించిన భూమి), అక్కడి నుంచి ఇతర తెగలకు వెళ్తున్నాయి. 1992లో ఏర్పడిన ఇంటర్‌ట్రైబల్ బఫెలో కౌన్సిల్‌లో ఇప్పుడు 80కి పైగా తెగలున్నాయి. 1908లో తెగల భూమి తీసుకుని పెట్టిన నేషనల్ బైసన్ రేంజ్‌ను, 18,800 ఎకరాలు, 2020 డిసెంబరులో చట్టం చేసి సేలిష్–కూటెనై తెగలకే తిరిగిచ్చారు. లెక్కకు బైసన్లు తక్కువేం లేవు. 2022 వ్యవసాయ గణనలో ప్రైవేటు పొలాల్లోనే దాదాపు 1.9 లక్షలు ఉన్నాయి. కంచె లేకుండా తిరిగే చోటు మాత్రం వాటిలో చాలా కొద్దివాటికే ఉంది.

మా గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, మాయ పడలేదు. ఇది అమెరికాలో బైసన్లకు వచ్చే రోగమేనా? – మహిళా రైతు, గజపతినగరం

అయ్యుండొచ్చు. చివరి మూడు నెలల్లో ఈసుకుపోవడం, మాయ వేయకపోవడం ఈ రోగానికి పెద్ద గుర్తులు. కానీ వేరే కారణాలూ ఉంటాయి. రక్తం తీసి పరీక్ష చేయిస్తేనే తేలుతుంది, పశువుల డాక్టరు గారికి చెప్పండి.

ఈలోగా ఒట్టి చేత్తో మాయ లాగొద్దు. మనుషులకు అంటుకునే రోగం ఇది. గ్లోవ్స్ వేసుకోండి, చేతికి గీత పడి ఉన్నవాళ్లు, గర్భిణులు అటు వెళ్లకూడదు. పడిన పిండాన్ని, మాయను, తడిసిన గడ్డిని గెడ్డలో పారేయకండి. కుక్కలు లాక్కుపోతే ఊరంతా తిప్పుతాయి. నాలుగడుగుల లోతు గోతిలో పైనా కిందా సున్నం వేసి పూడ్చండి. ఆ గేదెను మిగతావాటికి దూరంగా కట్టి, నేలను బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగండి. పాలు బాగా మరగనిచ్చే వాడండి. రోగం తేలిన పశువును ఆ మాట దాచి సంతలో అమ్మితే కొన్నవాళ్ల సాలలో అదే మొదలవుతుంది. మందులతో పశువుకు పూర్తిగా నయం కాదు.

ముందుచూపు టీకానే. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకు జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు. మగదూడలకు, చూడి పశువులకు వేయకూడదు. జాతీయ కార్యక్రమం కింద ఈ టీకా ఉచితం. అది బతికున్న క్రిముల టీకా కాబట్టి వేసేవాళ్లు సూది చేతికి గుచ్చుకోకుండా చూసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా సాయంత్రాలు జ్వరం వచ్చి పోతూ, చెమటలు, కీళ్ల నొప్పులు ఉంటే టైఫాయిడ్ అనుకుని సరిపెట్టుకోకండి. గేదె ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

పశువైద్యం చదివిన మా తమ్ముడికి సౌత్ డకోటాలో బైసన్ ఫారంలో పని దొరికింది. గేదెల అనుభవం అక్కడ పనికొస్తుందా? – రాజాం

రోగాల చదువు పనికొస్తుంది, పట్టే పద్ధతి పనికిరాదు. గేదెకు ముకుతాడు వేసి ట్రెవిస్‌లో (పశువును కదలకుండా కట్టే చట్రంలో) నిలబెట్టినట్టు బైసన్‌ను నిలబెట్టలేరు. ఏడాదికి ఒకసారి, చలి మొదలయ్యే ముందు మందనంతా తోలుకొచ్చి టీకాలు, చెవిపోగులు, చూడి పరీక్ష అన్నీ ఒకేసారి ముగిస్తారు. బయటి కంచె ఆరడుగులు, దొడ్డి గోడలు ఏడెనిమిది అడుగులు ఉంటాయి. దొడ్డి గోడ సందుల్లేకుండా మూసి ఉండాలి, వెలుతురు కనిపిస్తే అటే దూకుతుంది. పశువును బిగించే ఇనుప బోనుకు ముందు ఇంకో అడ్డు గేటు ఉంటుంది. ఆవుల బోను అయితే బైసన్ వేగంగా వచ్చి మెడ గేటుకు గుద్దుకుని కొమ్ము విరుచుకుంటుంది, ఒక్కోసారి మెడే విరుచుకుంటుంది.

అరుపులు, కుక్కలు, కరెంటు కర్రలు పనికిరావు. ఒక్కదాన్నే విడిగా ఉంచితే బెదిరి గోడలెక్కుతుంది, కనీసం రెండు మూడు కలిపి ఉంచాలి. నోరు తెరిచి రొప్పుతుంటే పని ఆపేయాలి. ఒళ్లు వేడెక్కి చచ్చిపోతుంది. చల్లటి పొద్దుటిపూటే పని పెట్టుకోవాలి. మేత బండి వెనకే రావడం మందకు ముందునుంచీ అలవాటు చేస్తే తోలకంలో సగం శ్రమ తగ్గుతుంది.

మన ఊళ్లలో గొర్రెలూ గేదెలూ ఒకే బీట్లో మేస్తాయి. అక్కడ అలా కుదరదు. గొర్రెలు తమకు ఏ జబ్బూ లేకుండా మోసే ఒక వైరస్ బైసన్‌కు సోకితే మాలిగ్నెంట్ కెటరల్ ఫీవర్ వచ్చి రోజుల్లో చస్తుంది. టీకా లేదు, చికిత్స లేదు. కొన్ని కిలోమీటర్ల దూరంలోని గొర్రెల దొడ్డి నుంచి కూడా సోకిన దాఖలాలున్నాయి. మైకోప్లాస్మా బోవిస్ అనే బ్యాక్టీరియా కూడా ఆవుల్లో కన్నా బైసన్లలో పెద్ద పశువులనే ఎక్కువగా చంపుతుంది. ఈ రెండింటి గురించి చేరకముందే చదువుకోమనండి. ఇంకో మాట, ఆడది మూడేళ్లకు గానీ మొదటి ఈత ఈనదు. పది పదిహేను ఆడవాటికి ఒక పోతు ఉండాలి. ఈతలో చేయి పెట్టే అవసరం దాదాపు రాదు. మనిషి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

డెన్వర్‌లో మావాళ్లు బైసన్ కీమా వండితే పీచులా ఎండిపోయిందట. – నెల్లిమర్ల

కొవ్వు చాలా తక్కువ, అందుకే. సన్నటి సెగ మీద, కాస్త నూనె ఎక్కువ వేసి, టమాటా, ఉల్లి తడితో మూతపెట్టి వండాలి. కీమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరగానే దించేయాలి. ముక్కలైతే పులుసుగా నిదానంగా ఉడికించడమే మంచిది.

ఎల్లోస్టోన్ దాకా వెళ్లలేనివాళ్లు ఇంకెక్కడ చూడొచ్చు? – శృంగవరపుకోట

సౌత్ డకోటాలో కస్టర్ స్టేట్ పార్కుకు వెళ్లమనండి. 1914లో 36 బైసన్లతో మొదలైన మంద అది, ఇప్పుడు వెయ్యి దాటింది. ఏటా సెప్టెంబరు చివర్లో గుర్రాల మీద మందనంతా దొడ్డికి తోలుకొస్తారు. వేలమంది చూడటానికి వస్తారు కాబట్టి తెల్లవారకముందే చేరాలి. దగ్గర్లోనే విండ్ కేవ్ పార్కు ఉంది, అక్కడి మంద 1913లో బ్రాంక్స్ జూ నుంచి వచ్చిన 14 బైసన్లతో మొదలైంది. సాల్ట్ లేక్ సిటీ వైపు ఉన్నవాళ్లకు యాంటిలోప్ ఐలాండ్ దగ్గర. అక్కడ తోలకం అక్టోబరు చివర్లో.